నా ఖరీదు ఒక గ్రామఫోను పెట్టె

"తాతా, టీవీలో ఆ అమెరికా వోల్లు గుద్దుకుంటా ఉంటే ఎందుకలా నవ్వినావు? నువ్వు కూడా అలాగే ఆడినావని నాన్న సెప్పినాడు. నిజమా?"

ఆఁ, నిజమే లా. ఎందుకు నిజం కాదు? ఆ టేపు పెట్టె తిరుగుతున్నాదా? ఎర్ర దీపం ఎలుగుతున్నాదా? సరే, అయితే ఇనుకో. కొంచెం దగ్గరకి జరుపు, నాకిప్పుడు గొంతు లేదు. అప్పుడూ లేదనుకో. అదే కదేటి నా గొడవంతా.

మీ అన్న తెచ్చిన ఆ వీడియో సూసినాను. తలకి గిన్నెలు బోర్లించుకున్నారు, బుజాలకి బొంతలు కట్టుకున్నారు. బంతి సంకలో ఎట్టుకుని పరిగెట్టేవోడు ఒకడు, ఆడికే సప్పట్లు. ముందర వరసలో బొజ్జలేసుకుని వొంగుంటారు సూడు, ఆల్లకి బంతీ లేదు పాడూ లేదు. ఎదటోడు వత్తే అడ్డం పడాల, పట్టుకోవాల, కింద పడాల, మీద నలుగురు పడితే మొయ్యాల. ఓలమ్మో, ఇది నా ఉద్యోగమే కదా అనుకున్నాను. అందుకు నవ్వొచ్చినాది. ఆల్లకి గిన్నెలైనా ఇచ్చినారు. నాకు అదీ లేదు. ఈ సెవి సూడు, పకోడీలా ఎలాగ ముడుసుకుపోనాదో. ఇది పుట్టుకతో వొచ్చినాది కాదు, సెడుగుడు ఇచ్చినాది.

సెడుగుడు తెలుసా నీకు? అదే లా, కబడీ అంతన్నారు కదా ఇప్పుడు. ఊపిరి బిగబట్టి, సెడుగుడు సెడుగుడు అని కూతెట్టుకుంటా అవతలోల్ల గిరిలోకి ఎల్లాల. ఎవుడినో ఒకడిని తాకి, కూత తెగకుండా మల్లీ మన గీత కాడికి వొచ్చెయ్యాల. గీత ముట్టుకుంటే తాకించుకున్నోడు అవుటు. ఈ లోపల పట్టేసి కూత తెగ్గొట్టినారనుకో, ఎల్లినోడు అవుటు. అదీ ఆట.

నాకు కూత రాదు. మూడు సార్లు సెడుగుడు అనేసరికి దగ్గొచ్చీది. పరుగూ రాదు. మాయమ్మ అనేది, "నిన్ను కన్నప్పుడు ఓడలో తెచ్చిన బియ్యం మూట బయటికొచ్చినాదనుకున్నానురా" అని. మాయమ్మా మాయయ్యా పాలకొండ కాడి ఊర్నించి ఓడెక్కి వొచ్చినోల్లు, నాను ఇక్కడే పుట్టినాను, కౌలాలంపూర్ కాడి కౌలా సెలంగోర్ ఏపున్న రబ్బరు ఎస్టేటులో, కూలోల్ల లైను ఇంట్లో. మా అప్ప రావులమ్మ ఉండేది, సన్నంగా సువ్వలాగ. ఆవిడ వాటా కూడా నానే తినేసినానని సచ్చిపోయేదాకా అన్నాది. తిన్నాను గావాల, ఏమో.

రబ్బరు సెట్టు గీసే పనికి ఎట్టినారు. ఆ పనికి సెయ్యి తేలిగ్గా ఉండాల. పైపైన తోలు తీసినట్టు గీస్తే పాలు కారతాది, లోతుకి దిగితే సెట్టుకి పుండు పడతాది. నాను ఎక్కడ గీస్తే అక్కడ పుండే. కంగాణి, అంటే మనల్ని ఊర్నించి తెచ్చి పని సేయించే మేస్త్రీ, ఆయన నా ఎనకాలే తిరిగి తిట్టేవోడు. "సెట్టు గియ్యమన్నానురా, కట్టెలు కొట్టమన్లేదు" అనేవోడు. ఒక దినం ఆయన తిడతా తిడతా నా మీదకొచ్చి కాలు జారి పడబోతే నడుం పట్టుకున్నాను. పట్టుకున్నోడిని వొదల్లేదు, భయమేసి. ఆయన గింజుకుంతన్నాడు, బూతులు తిడతన్నాడు, నాను బిగించేసి నిలబడ్డాను. ఆకరికి వొదిల్తే, ఊపిరి పీల్సుకుని నా ముఖం సూసి, "ఒరే, సెడుగుడికి రా" అన్నాడు.

అలాగ నా ఉద్యోగం మొదలైనాది. ఏటి సేసేవోడిని అనుకున్నావు? ఏటీ లేదు. ఆకర్ని దూలంలాగ నిలబడతాను. పేరే దూలం అని ఎట్టేసినారు, సింవాచలం అంటే నానూ పలికేవోడిని కాదు. పరిగెట్టేవోల్లు, తప్పించుకునేవోల్లు, ఎగిరేవోల్లు యేరే ఉన్నారు. వొచ్చినోడిని ఆల్లు తరుముకుంటా నా ఏపుకి తోలీవోరు, నాను మీద పడేవోడిని. అంతే. నా కింద పడినోడికి కూత కాదు, పేనం ఉన్నాదో లేదో సూసుకోవాల.

మా జట్టులో కూతకి ఎల్లేవోడు గవరయ్య మామ. సుట్టరికం ఏటీ లేదు, పిలుపుకి మామ. నలభై దాటినాయి, ఎముకలూ తోలూ, నుదుటి మీద అడ్డంగా విబూది. ఆయన కూతెడితే, నీకు అబద్దం సెప్పను, వింటున్న మనకి ఊపిరాడేది కాదు. ఆయన పట్టుబడడు, నాను వొదల్ను. అలాగ సుట్టుపక్కల ఎస్టేట్లన్నీ కొట్టుకొచ్చినాం.

మా దొర పొట్టోడు. పొట్టి దొర అనే అనేవోల్లం, ఎనకాల. ఆయనకి ఈ ఆట పిచ్చి. క్లబ్బులో మిగతా దొరల్తో పందేలు కాసేవోడు. నన్ను సెట్ల కాడినించి తీసేసి రబ్బరు రేకులు ఎండబెట్టే పొగగదికి ఎట్టినాడు, కూకుని సేసే పని, పైగా బియ్యం ఎక్కువ. సీనా తవుకే, అదే సీనా సావుకారి, ఆడి కొట్లో ఒక సెంటుకి కాపీ వొచ్చీది ఆ దినాల్లో, నన్ను సూత్తే తవుకే ఊరికే ఇచ్చీవోడు, పక్కన రొట్టె కూడా. ఓలప్పా, గొప్పోడిని అయిపోనాననుకున్నాను. సెడుగుడు ఆడి బతికేవోడు మన తెలుగోల్లలో నాను తప్ప ఇంకెవడున్నాడని మీసం దువ్వుకునేవోడిని. ఆ మీసం కూడా సరిగ్గా రాలేదనుకో.

ఆ గొప్పలోనే ఎల్లి గవరయ్య మామని పిల్లనడిగినాను. మీ నానమ్మనే, నీలమ్మని. ఆయన నన్ను కిందనించి పైదాకా సూసినాడు. "సెట్టు గియ్యడం రాదు, కత్తి పట్టడం రాదు. మనుసుల మీద పడ్డం ఒక పనేట్రా? రేపు నడుం ఇరిగితే నా కూతురు నిన్ను దొర్లించుకుంటా తిరగాలా?" అన్నాడు. లోపల్నించి మీ నానమ్మ కిసుక్కుమన్నాది. నాకు ఇనిపించినాది. కోపం రాలేదు, సంతోసమేసినాది. నా గురించి నవ్వింది కదా అని. సూసినావా ఎంత ఎర్రోడినో.

ఇదిలాగుండగా పక్క ఎస్టేటు దొర ఒకడు, పెద్ద ఎర్ర మీసాలోడు, ప్రతిసారీ మా సేతిలో ఓడిపోయి ఓడిపోయి, పొట్టి దొరని అడిగినాడంట, ఆ లావు మనిసిని నాకు ఇచ్చెయ్ అని. ఊరికే ఎందుకిత్తాడు? మీసాల దొర బంగళాలో ఒక గ్రామఫోను పెట్టె ఉండీది, ఇంత పెద్ద ఇత్తడి గొట్టంతోటి. పొట్టి దొరకి దాని మీద ఎన్నాల్లనించో కన్ను. అయిపోనాది బేరం. నన్నిచ్చినాడు, గ్రామఫోను తెచ్చుకున్నాడు. కంగాణి వొచ్చి, "మూట సర్దుకోరా, నిన్ను పాటల పెట్టికి మార్సినారు" అన్నాడు. అయ్యో అని ఏడుత్తారేమో ఎవరైనా అని లైన్లన్నీ తిరిగినాను. మా అప్ప మాత్రం బియ్యం మిగులుతాది అన్నాది.

నవ్వు, నవ్వు. నానూ నవ్వినాను తరవాత. అప్పుడు మట్టుకు ఏడుపొచ్చినాది, నీలమ్మ ఇటు, నాను అటు.

అక్కడ మీసాల దొర కాడా పొగగదే, తిండే, ఆటే. కానీ ఒక తేడా. ఇప్పుడు గవరయ్య మామ అవతలి జట్టు. నా బుజం ఒకసారి జారిపోయినాది, రెండు పల్లు పోయినాయి, ఈ సెవి అప్పుడే పోయినాది. అయినా ఆయన్ని ఒక్కసారి కూడా పట్టలేదు. సేతిలోకి వొచ్చినట్టే వొచ్చి జారిపోయేవోడు.

అప్పుడొచ్చినాదమ్మా ఆ పాడు కాలం. రబ్బరు దర పడిపోయినాది. పాలు గీసి అమ్మితే గీసిన కూలి కూడా రాదు. దొరలు జనాల్ని తీసెయ్యడం మొదలెట్టినారు. తీసేసినోల్లని లారీల్లో ఏసి, మీరిప్పుడు పోర్ట్ క్లాంగ్ అంతన్నారు కదా, అక్కడికి, ఆ రేవుకి తోలి, ఓడెక్కించి ఊరికి పంపించేసేవోరు. ఊరంటే మాయయ్యకి ఊరు. నాకేటి ఊరు? నాను ఎప్పుడైనా సూసినానా? అక్కడ దిగితే నన్ను ఎవుడు గుర్తుపడతాడు? రాత్రయితే లైన్లో ఆడోల్ల ఏడుపులు ఇనిపించేవి, రేపు ఎవరి వంతో అని.

అలాంటి టైములో ఈ ఇద్దరు దొరలూ మల్లీ ఒక ఆట ఎట్టినారు. ఏటి కడుపులో ఎట్టుకున్నారో ఏమో, ఈసారి ఆడేవోల్లకి బాగా ఊపు రావాలని ఒక మాట అనేసినారు. గెలిసిన జట్టువోల్లకీ, ఆల్ల ఇంటోల్లకీ పని ఉంతాది. ఓడిన జట్టువోల్లు ముందు లారీ ఎక్కుతారు. మా దొర మాకు అలాగే సెప్పినాడు, ఆ దొర ఆల్లకీ అలాగే సెప్పినాడు. కోడికి కత్తి కట్టి వొదిలినట్టు. తెలిసిందా నీకు? నాను గెలిస్తే నీలమ్మా వాల్లయ్యా ఎల్లిపోవాల. ఆల్లు గెలిస్తే నాను ఎల్లిపోవాల.

ముందు దినం సంతకాడ మీ నానమ్మని కలిసినాను. ఎండు సేపలు కొంతన్నాది. నాను పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాను, సెడుగుడుకి ముందు దగ్గినట్టు. ఆవిడ తల ఎత్తకుండానే అడిగినాది.

"రేపు ఏటి సేత్తావు?"

"ఏమో. మీ అయ్య నాకు ఎప్పుడు దొరికినాడు గనక."

"దొరికితే?"

నాను ఎండు సేపలకేసి సూసినాను. అప్పుడు తల ఎత్తింది. కల్లల్లో నీల్లున్నాయి గాని గొంతు గట్టిగానే ఉన్నాది. "దొరికితే వొదిలెయ్యాలని సూడకు. మా అయ్య బతుకంతా ఎవుడి దయ మీదా గీత దాటలేదు. నువ్వు వొదిలేసినావని తెలిస్తే ఆయన ఆ దినమే సచ్చిపోతాడు. నీకు తెలిసినట్టు ఆడు. పో" అన్నాది. నాను వొచ్చేసినాను. ఆ రేత్రి అన్నం తినలేదు. నవ్వకే, నిజంగా. నాను అన్నం తినకపోతే పక్కింటోల్లు వొచ్చి సెయ్యి పట్టి సూసినారు, జొరమేమో అని.

ఆదోరం పొద్దుగూకే ముందు, పడాంగులో, ఆ పచ్చిక బయల్లో ఆట. దొరలు కుర్సీల్లో కూకున్నారు. మన తెలుగోల్లు, అరవోల్లు, తవుకేలు, అందరూ సుట్టూ మూగినారు. ఎప్పుడూ అరిసి గోల సేసే జనం ఆ దినం నోరెత్తలేదు. ఒకడు అవుటైతే ఆడి పెల్లాం ముఖం మీద కొంగు కప్పుకుంతన్నాది. ఆట ఆడినట్టు లేదు అమ్మా, పీనుగ కాడ కూకున్నట్టున్నాది.

ఆడి ఆడి, ఆకరికి మా ఏపు నాను ఒక్కడినే మిగిలినాను. ఎలాగ మిగిలినానో తెలుసా? ఎవుడూ నా దగ్గరకి రాలేదు, భయపడి. అటు గవరయ్య మామ ఒక్కడే. కూత ఆయనది. వొచ్చినాడు. సెడుగుడు సెడుగుడు సెడుగుడు. నా సుట్టూ తిరుగుతన్నాడు, నాను గానుగలాగ ఉన్నకాడే తిరుగుతున్నాను. మెరుపులాగ వొచ్చి నా మోకాలు తాకి ఎనక్కి దూకినాడు. ఏ దేవుడు తోసినాడో, నాను కూడా దూకినాను. నా జన్మలో దూకింది అదొక్కసారే. దొరికేసినాడు! నడుం దొరికినాది. ఇద్దరం దబ్బుమని పడ్డాం.

ఇక వొదల్లేదు. నీలమ్మ సెప్పినట్టే, నాకు తెలిసినట్టే ఆడినాను. రెండు సేతులూ కలిపి బిగించేసినాను. ఆయన కూత ఆపలేదు. నా కింద గిలగిలా కొట్టుకుంటా, పాములాగ మెలికలు తిరిగి తిరిగి, ఆయన కాల్లు నా సంకలోకి, ఆయన తల నా కాల్ల కాడికి వొచ్చేసినాయి. గీతేమో ఆయన సేతికి జానెడు దూరంలో ఉన్నాది. కూత సన్నబడిపోనాది. సెడు... గుడు... సెడు... ఇంకొక్క చిటికెలో తెగిపోతాది. నాకు ఏడుపొచ్చేస్తన్నాది, అయినా బిగిస్తన్నాను. అప్పుడు నా కుడికాలు జారి ఆయన నుదుటికి తగిలినాది. విబూది మీద.

ఏటి సేసినానో తెలుసా? మాయమ్మ పెంచిన పెంపకం అమ్మా. పెద్దోల్లకి కాలు తగిలితే తాకి కల్లకద్దుకోవాల. అన్నం గిన్నెకి తగిలినా అంతే, సీపురుకి తగిలినా అంతే. నాను అనుకుని సేసినాది కాదు. ఈ కుడిసెయ్యి దానంతటది ఊడి వొచ్చేసి, ఆయన తలని తాకి, నా కల్లకి అద్దుకున్నాది. పందెం మధ్యలో! పడాంగంతా సూత్తుండగా! దన్నం ఎట్టి కల్లు తెరిసేసరికి మామ గీత ముట్టుకుని ఆయాసపడతన్నాడు.

మీసాల దొర లేచి టోపీ నేలకేసి కొట్టినాడు. ఎవుడో ఆయనకి సెప్పబోయినాడు, మా వోల్లలో ఇలాగ ఉంతాదండీ అని. ఆయనకి ఏటి తెలుస్తాది? మన జనం మాత్రం ఇంకోలాగ అనుకున్నారు. నీలమ్మ కోసం కావాలనే వొదిలేసినాడు, ఆల్ల కుటుంబం కోసం తన బతుకు ఇచ్చేసినాడు అని. ఆడోల్లు కల్లు తుడుసుకున్నారు. మా అప్ప కూడా నా తల నిమిరినాది, పుట్టి బుద్దెరిగి మొదటిసారి. కాదర్రా, కాలు తగిలినాదర్రా అని నాను సెప్తూనే ఉన్నాను. ఎంత గొప్పోడో, సెప్పుకోవడం లేదు సూడు అన్నారు. కొంతసేపటికి నాకే అనుమానమొచ్చినాది, నాను గొప్పోడినేమో అని.

రెండు దినాలకి లారీ వొచ్చినాది. మూట సంకనెట్టుకుని ఎక్కినాను. నాను ఎక్కితే లారీ ఒక పక్కకి ఒరిగినాది, డ్రైవరు దిగి చక్రాలు సూసుకున్నాడు. అప్పుడు పొట్టి దొర కారు వొచ్చి ఆగినాది. దొర దిగినాడు, గవరయ్య మామ దిగినాడు, ఎనకాల మీ నానమ్మ దిగినాది. మామ సేతిలో ఏటున్నాదనుకున్నావు? గ్రామఫోను పెట్టె!

జరిగింది ఏటంటే, మామ దొర కాడికెల్లి, ఆ దూలాన్ని ఎనక్కి తెస్తేనే ఇక కూతెడతాను, లేకపోతే లేదు అన్నాడంట. దొరకీ పందెం పిచ్చి కదా. పైగా ఆ పెట్టె స్ప్రింగు తెగిపోయి పాట రావడం లేదు. అందుకని మల్లీ బేరం. మీసాల దొర ఎలాగూ నన్ను ఊరికే పంపేస్తన్నాడు, ఊరికే వొచ్చిన పెట్టె ఎందుకొద్దంతాడు, తీసుకున్నాడు. పాడైపోనాదని ఆయనకి తెలీదు. అదీ నా ఖరీదు. మొదటిసారి పాడే గ్రామఫోను, రెండోసారి పాడని గ్రామఫోను.

నాను గబగబా దిగబోతన్నాను. మీ నానమ్మ లారీ కాడికొచ్చి సెయ్యి అడ్డం ఎట్టినాది. "ఆగు. ఒకటి అడుగుతాను. నిజం సెప్పు. మా కోసమని కావాలనే వొదిలేసినావా?"

సూడు అమ్మడూ, లారీ నిండా జనం. అందరూ నన్ను దేవుడ్ని సూసినట్టు సూత్తన్నారు. ఔను అంటే ఎంత బాగుంతాది! నోటిదాకా వొచ్చినాది. కానీ ఆవిడ కల్లు నా కల్లల్లో గుచ్చేసి సూత్తన్నాది. సిగ్గుతో తల దించేసి సెప్పినాను, "కాదే. కాలు తగిలినాది" అని.

"అయితే దిగు" అన్నాది.

దిగినాను. ఆవిడ ఎనకాలే ఇంటికొచ్చినాను. అంతే మా పెల్లి కబుర్లు.

తరవాత ఎప్పుడో, మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు గావాల, అడిగినాను. ఔను అని ఉంటే ఏటి సేసేదానివే అని. సింతపండు పిసుకుతన్నాది. "లారీ ఎల్లనిచ్చేదాన్ని" అన్నాది. "నా కోసం వొదిలేసినానంటే, బతుకంతా ఆ మాట నా నెత్తి మీద ఎట్టుకుని మొయ్యలేను. మా అయ్య తల ఎత్తుకోలేడు. నువ్వు పట్టుకున్నాక వొదల్లేదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. నా కోసం కూడా వొదలనోడివి, పెద్దోడి తలకి కాలు తగిలితే వొదిలేసినావు. నాకు అది సాలు" అన్నాది. నాకు అప్పుడు సగం అర్దమైనాది. మిగతా సగం ఆవిడ పోయినాక అర్దమైనాది.

ఆట తరవాత ఇంకొన్నాల్లు ఆడినానులే. మామా నానూ మల్లీ ఒక జట్టు. బొజ్జ పెరిగి గీత మీద సగం, బయట సగం ఉంతన్నానని ఆకరికి తీసేసినారు. ఈ సెవే మిగిలినాది.

మంచిది, ఇక ఆపెయ్. నీకు సంబందాలు సూత్తన్నారంట కదా. సల్లగా ఉండు తల్లీ. కారు ఉన్నాదా, కౌలాలంపూర్లో ఇల్లు ఉన్నాదా, అవన్నీ మీ నాన్న అడుగుతాడు. నువ్వు మాత్రం ఆడికి కాలు తగిల్తే ఏటి సేత్తాడో సూడు. పట్టుకుంటే వొదలనోడు దొరకాల నీకు, నూరేల్లు నవ్వుకుంటా ఉండాల.

ఏదీ, ఆ కర్ర ఇలాగియ్. లేస్తాను. అదిగో, మీ నానమ్మ కుర్సీ కొంచెం జరుపు, దారికడ్డం... అయ్యో, తగిలేసినాది. ఉండు, ఉండు...

సూసినావా? సెయ్యి ఎలాగ పోనాదో కల్లకి. కుర్సీ ఖాలీయే, ఎవరున్నారు అందులో. అయినా పోతాది. రోజూ పోతాది. నవ్వకే పిచ్చిగుంటా... ఆవిడా ఇలాగే కిసుక్కుమనేది...